డిసెంబర్ 4న నేను తలచుకునే పైలట్

"యుద్ధంలో చిన్న వయసులోనే పోయిన నేవీ పైలట్లలో మీరు మర్చిపోలేని మనిషి ఎవరు, ఎందుకు?" అని అడిగారు. నాకైతే జెస్సీ బ్రౌన్. అమెరికా నౌకాదళం పైలట్, కొరియా యుద్ధంలో 1950 డిసెంబర్ 4న చనిపోయాడు. అప్పటికి అతనికి 24 ఏళ్లు.

మాది విశాఖపట్నం. డిసెంబర్ 4 అంటే మాకు నేవీ డే. 1971లో అదే తేదీ రాత్రి మన క్షిపణి పడవలు కరాచీ మీద దాడి చేశాయి కాబట్టి ఆ రోజు జరుపుతారు. చిన్నప్పుడు ఆర్కే బీచ్‌కి నాన్నతో వెళ్లేదాన్ని. హెలికాప్టర్ కిందకి దిగి, తాడుతో మనిషిని నీళ్లలోంచి పైకి లాగుతుంటే జనం ఈలలు వేసేవాళ్లు. అమ్మ మాత్రం ఒక్కసారీ రాలేదు. నాకు ఏడేళ్లప్పుడు మా చిన్న మామయ్య సముద్రంలో చేపల వేటకెళ్లి తుఫానులో చిక్కుకుని తిరిగి రాలేదు. హెలికాప్టర్ రెండు రోజులు వెతికింది, ఏమీ దొరకలేదు. చివరికి దర్భలతో బొమ్మ చేసి కర్మ చేయించారు. హెలికాప్టర్ చప్పుడు వినపడితే అమ్మ ఇప్పటికీ లోపలికి వెళ్లిపోతుంది.

నేను స్కూల్లో సోషల్ చెబుతాను. ఒక ఏడాది నేవీ డేకి పిల్లలతో మాట్లాడాలని చదువుతుంటే, అదే తేదీ కింద ఇతని పేరు కనిపించింది.

జెస్సీ పుట్టింది మిసిసిపీలోని హాటీస్‌బర్గ్‌లో, 1926లో. తండ్రి కౌలు రైతు. ఆరేళ్ల వయసులో విమానాల ప్రదర్శన చూసినప్పటి నుంచి అతనికి అదే ధ్యాస. నల్లజాతి వాళ్లను సైన్యంలో పైలట్లుగా ఎందుకు తీసుకోరని 1937లో ఏకంగా ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్‌కే ఉత్తరం రాశాడు. పదేళ్లు దాటిన పిల్లాడు! ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చదువుకుంటూ, రాత్రిపూట రైల్వేలో సరుకు బోగీలు నింపే పని చేశాడు. 1948 అక్టోబరులో నౌకాదళం పైలట్ బ్యాడ్జి వచ్చింది. ఆ శిక్షణ పూర్తి చేసిన మొదటి నల్లజాతి అమెరికన్ అతనే. శిక్షణలో ఉన్నవాళ్లు పెళ్లి చేసుకోకూడదని రూలు. డెయిజీని రహస్యంగా పెళ్లి చేసుకున్నాడు. వాళ్లకో పాప, పామెలా.

1950 చలికాలంలో ఉత్తర కొరియాలోని చోసిన్ రిజర్వాయర్ దగ్గర, అమెరికా నాయకత్వంలోని ఐక్యరాజ్యసమితి సేనల్లో సుమారు 30,000 మందిని సుమారు 1,20,000 మంది చైనా సైనికులు చుట్టుముట్టారు. కింద గడ్డకట్టే చలిలో పోరాడుతున్న వాళ్లకు అండగా లేటె అనే విమానవాహక నౌక నుంచి కోర్సేర్ అనే యుద్ధవిమానాలు వెళ్లేవి. ఆ రోజు ఆరు బయల్దేరాయి. జెస్సీకి జోడీగా ఎగిరింది థామస్ హడ్నర్, మసాచుసెట్స్ కుర్రాడు. హడ్నర్ హోదాలో పెద్ద, కానీ జెస్సీకి అనుభవం ఎక్కువ. అందుకే ముందు ఎగిరింది జెస్సీయే.

కింద నుంచి వచ్చిన తూటా తగిలిందేమో, జెస్సీ విమానంలోంచి ఇంధనం కారుతోందని తోటివాళ్లు చూశారు. ఇంజన్ పోయింది. చుట్టూ శత్రువులున్న కొండ వాలు మీద, మంచులో, చక్రాలు లేకుండానే దించాడు. ప్రాణాలతో ఉన్నాడు, చెయ్యి ఊపాడు. కానీ ముందు భాగం నలిగిపోయి కాలు ఇరుక్కుంది. ఇంజన్ దగ్గర పొగ.

అప్పుడు హడ్నర్ తన విమానాన్ని కావాలని అదే వాలు మీద కూల్చి దించాడు. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. పరిగెత్తి వెళ్లి పొగ వస్తున్న చోట చేతులతో మంచు కుక్కాడు. జెస్సీ చేతులకు గ్లోవ్స్ లేవు, వేళ్లు కొయ్యబారిపోయాయి. తన ఉన్ని టోపీ అతని తలకు పెట్టి, మఫ్లర్ చేతులకు చుట్టాడు. ఆ టోపీ, మఫ్లర్ దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ నా గొంతు పట్టేస్తుంది. చార్లెస్ వార్డ్ అనే మెరైన్ పైలట్ హెలికాప్టర్‌లో గొడ్డలి తెచ్చాడు. ఇద్దరూ కొట్టారు, రేకు కాస్త సొట్టపోయిందే తప్ప తెగలేదు. చీకటి పడుతోంది, ఆ హెలికాప్టర్‌కి రాత్రి ఎగరడం కుదరదు. డెయిజీ అంటే నాకు ప్రాణమని చెప్పు అన్నాడు జెస్సీ. మళ్లీ వస్తామని చెప్పి హడ్నర్ వెళ్లాడు.

మళ్లీ వెళ్లడానికి పైవాళ్లు ఒప్పుకోలేదు, ఇంకొంతమంది పోతారని. శత్రువు చేతికి చిక్కకూడదని రెండు రోజుల తర్వాత తోటి పైలట్లే ఆ విమానం మీద నాపామ్ అనే మంటల బాంబులు వేశారు, ప్రార్థన చదువుకుంటూ. అది తప్పని నేను అనలేను, కానీ వాళ్లు ఎలా తట్టుకున్నారో ఊహకు అందదు.

క్లాసులో పిల్లలకు ఇక్కడిదాకా చెప్పి ఆపితే, ఒకమ్మాయి లేచి "ఆయన మళ్లీ వెళ్లాడా మేడం?" అంది.

వెళ్లాడు. హడ్నర్ 2013 జులైలో, 88 ఏళ్ల వయసులో, జెస్సీ అవశేషాలు తెచ్చుకోవాలని ఉత్తర కొరియా వెళ్లాడు. వానలకు దారులు మూసుకుపోయి ఆ చోటికి చేరలేకపోయాడు. 2017లో చనిపోయాడు. జెస్సీ ఇంకా అక్కడే ఉన్నాడు. జెస్సీ పేరు పెట్టిన యుద్ధనౌక 1973లో సేవలోకి వచ్చింది, హడ్నర్ పేరు పెట్టినది 2018లో. పిల్లలకు ఇవి కూడా చెప్పాను గానీ ఆ అమ్మాయి మొహం మారలేదు.

ఆ సాయంత్రం బీచ్ వైపు హెలికాప్టర్లు తిరుగుతున్నాయి. అమ్మ వెనక గదిలో కూర్చుంది. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. మంచు, గొడ్డలి, చీకటి, అన్నీ. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒక్కటే అడిగింది:

"ఆ మాట ఆ పిల్లకి సెప్పినాడా మరి?"

చెప్పాడమ్మా అన్నాను. 1951 ఏప్రిల్ 13న ప్రెసిడెంట్ ట్రూమన్ చేతుల మీదుగా హడ్నర్ అమెరికా సైన్యంలో అన్నిటికన్నా పెద్ద పతకం మెడల్ ఆఫ్ ఆనర్ అందుకున్నప్పుడు డెయిజీ అక్కడే ఉంది. ఇద్దరూ ఆ రోజే కలిశారు. ఆ తర్వాత బతికినంత కాలం స్నేహంగా ఉన్నారు.

"అయితే ఆ పిల్లకి మాటైనా అందింది," అంది అమ్మ.