మనిషి బాగోగులను అతని కోరికలనే అడిగి కొలవవచ్చా?

ఒక వ్యక్తి ఎంత బాగున్నాడో అతని ఇష్టాయిష్టాలను అడిగి తేల్చవచ్చునా అన్నది మీ ప్రశ్న. తేల్చవచ్చును. అయితే "ఎంత సంతోషంగా ఉన్నారు" అని అడగడం కంటే "ఈ రెండింటిలో ఏది కావాలి" అని అడగడం మేలని, నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఇంటింటి సర్వేలు చేసిన అనుభవంతో చెబుతున్నాను.

అమెరికన్ మనస్తత్వవేత్త హ్యాడ్లీ క్యాంట్రిల్ రూపొందించిన నిచ్చెన ప్రశ్న అందరికీ తెలిసినదే: అడుగున సున్నా, పైన పది, మీరు ఏ మెట్టు మీద ఉన్నారు? మర్రిగూడ వైపు ఒక ఇంట్లో కందులు చెరుగుతున్న పెద్దామెను ఇది అడిగితే, "ఎన్నేస్తె మంచిగుంటదో మీరే ఏసుకోరాదు సారూ" అని నవ్వి, చివరకు ఎనిమిది అన్నది. ఆమె మోకాళ్లు ముడవలేక కాళ్లు చాపుకొని కూర్చున్నది. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ హద్దును ఎంతో మించిన బోరునీళ్లు ఏళ్ల తరబడి తాగిన ప్రాంతమది. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నా, బిగుసుకుపోయిన ఎముక మళ్లీ సాగదు. లేమికి అలవాటుపడినవారు తమ ఆశలను కూడా దానికి తగ్గట్టు కుదించుకుంటారని అమర్త్య సేన్ హెచ్చరించింది ఇలాంటి ఎనిమిదుల గురించే.

ఆర్థికవేత్తలు డేనియల్ బెంజమిన్, ఓరి హెఫెట్జ్, మైల్స్ కింబల్, నికోల్ జెంబ్రాట్ 2014లో ప్రచురించిన అధ్యయనం వేరే దారి పట్టింది. ఆరోగ్యం, కుటుంబం, భద్రత వంటి 136 అంశాలను తీసుకుని, మిగతావన్నీ సమానమైతే ఏ ఎంపికను కోరుకుంటారని అడిగి, ఆ జవాబుల నుంచి ఒక్కో అంశానికి ఎంత తూకం ఇవ్వాలో రాబట్టారు. పండితులు తోచినట్టు తూకాలు వేయడం కంటే ఇది న్యాయమైన పద్ధతి.

చిక్కల్లా ఆ "మిగతావన్నీ సమానమైతే" దగ్గరే. ఆ పెద్దామెనే "ఇంటి ఆదాయం కొంత పెరగడమా, నొప్పి కొంత తగ్గడమా, ఒకటే దొరుకుతుందంటే?" అని అడిగాను. చేట పక్కన పెట్టి, "నొప్పి తగ్గుతె కైకిలి పోత, పైసలు గవ్వే వస్తయి గద" అన్నది. కాగితం మీద అది ఆరోగ్యానికి పడిన ఓటు. ఆమె లెక్కలో అది కూలి డబ్బు. అత్త పక్కన కూర్చుంటే కోడలి జవాబు మారడం సరేసరి, ఆ ఇబ్బంది ప్రతి సర్వేకూ ఉన్నదే.

మీరు ఇలాంటి ప్రశ్నపత్రం తయారుచేస్తుంటే, ప్రతి ఎంపిక పక్కన "ఎందుకోసం" అన్న గడి ఒకటి తప్పక ఉంచండి. అది లేకపోతే ఆదాయానికి చెందవలసిన తూకం ఆరోగ్యానికి చేరుతుంది, ఆ సంగతి మొత్తం అంకెలో ఎక్కడా బయటపడదు.