కాపలా కుక్కకు మూర్ఛ: ఏ మందు, ఎంత మోతాదు, ఎంతకాలం?

ప్రశ్న: మాది చేవెళ్ల దగ్గర ఊరు. టమాట, క్యారెట్ పండిస్తాం. తోట కాపలాకు లాబ్రడార్ కలిసిన మూడేళ్ల మగ కుక్క ఉంది, బరువు 24 కిలోలు. ఏటా రేబిస్ టీకా వేయిస్తున్నాం. గత ఐదు నెలల్లో దానికి నాలుగుసార్లు ఫిట్స్ వచ్చాయి. ఎక్కువగా తెల్లవారుజామున వస్తాయి. పక్కకు పడిపోయి కాళ్లు కొట్టుకుంటుంది, నురగ కక్కుతుంది, రెండు నిమిషాలకు తేరుకుని ఇల్లంతా తిరుగుతుంది. మా నాన్నగారు ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్ మాత్రలు రోజుకొకటి చొప్పున పది రోజులు వేసి ఆపేశాం, గుణం కనిపించలేదు. కుక్కను ఎక్కడైనా వదిలేయమని ఊళ్లోవాళ్లు అంటున్నారు. దీనికి మందు ఉందా? జీవితాంతం వాడాలా? పోయిన నెల మా లేగదూడ కూడా ఇలాగే కొట్టుకుంది. అదే మందు దానికీ ఇవ్వవచ్చా?

జవాబు: మందు ఉంది, కుక్కను వదిలేయాల్సిన అవసరం లేదు. మూర్ఛ ఉన్న కుక్కల్లో చాలావాటిని సరైన మందుతో, సరైన వేళలతో ఏళ్ల తరబడి మామూలుగా బతికించవచ్చు. అయితే నాన్నగారి మాత్రలను ఇకపై కుక్కకు వేయకండి. ఆయన మాత్రలు ఆయనకు ఒక్కపూట కూడా తగ్గకూడదు కాబట్టి ఇది కుక్క క్షేమం కోసం ఎంతో, ఆయన క్షేమం కోసం కూడా అంతే చెబుతున్నాను.

ఫెనిటోయిన్ మంచి మందే. 1938 నుంచి మనుషులకు వాడుతున్నారు. మనిషి శరీరంలో ఆ మందు సగానికి తగ్గడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, అందుకే రోజుకు ఒకటి రెండు మాత్రలతో సరిపోతుంది. కుక్క కాలేయం మాత్రం దాన్ని ఎంతో వేగంగా విరిచేస్తుంది, నాలుగు గంటలు గడిచేసరికే సుమారు సగం పోతుంది. కన్నం పడిన తొట్టిలో రోజుకొక బిందె నీళ్లు పోసినట్టు, మీరు పొద్దున వేసిన మాత్ర ఆ రాత్రికే దాదాపు ఖాళీ అయిపోయింది, మూర్ఛ తెల్లవారుజామున వచ్చింది. మూర్ఛ మందు ఏదైనా రక్తంలో ఎడతెగకుండా ఒక స్థాయిలో నిలిస్తేనే పనిచేస్తుంది. కుక్కకు మందు ఎంచుకునేటప్పుడు మేము మొదట చూసేది ఆ నిలకడనే. మనుషులకు బాగా పనిచేసే కార్బమజెపిన్, వాల్‌ప్రోయేట్ కుక్కలకు పెద్దగా ఉపయోగపడకపోవడానికి కూడా ఇదే కారణం.

మందు మొదలుపెట్టే ముందు ఈ ఫిట్స్ దేనివల్ల వస్తున్నాయో తేల్చాలి. కూరగాయల తోటలో తిరిగే కుక్క విషయంలో నాకు మొదట వచ్చే అనుమానం పురుగుమందులే. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు ఒంట్లోకి వెళితే చొంగ కారడం, వాంతులు, విరేచనాలు, కనుపాప సూదిమొనంత చిన్నది కావడం, కండరాలు అదరడం, ఆ తర్వాత ఫిట్స్ కనిపిస్తాయి. దానికి మూర్ఛ మాత్రలు విరుగుడు కావు, అట్రోపిన్ వంటి విరుగుడు ఇంజెక్షన్లు వెంటనే ఇవ్వాలి. ఎలుకల కోసం పెట్టే జింక్ ఫాస్ఫైడ్ ఎరను తిన్నా ఫిట్స్ వస్తాయి, అది మరీ ప్రమాదకరం. ఇవి కాక డిస్టెంపర్ వైరస్, పిడుదుల ద్వారా వచ్చే ఎర్లిఖియా వ్యాధి, రక్తంలో చక్కెర పడిపోవడం, కాలేయం దెబ్బతినడం, తలకు పాత గాయం కూడా కారణాలు కావచ్చు. టీకాలు వేయించినా సరే, ప్రవర్తన ఒక్కసారిగా మారి, గొంతు బొంగురుపోయి, మింగలేక చొంగ కారుస్తున్న కుక్క నోట్లో చేయి పెట్టకండి. అలాంటి కుక్క కరిచినా, దాని చొంగ గాయానికి తగిలినా ఆ చోటును సబ్బు, నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కు గానీ, దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి గానీ వెళ్లి టీకా మొదలుపెట్టించుకోవాలి.

మీరు రాసిన లక్షణాలు మాత్రం మరో వైపు చూపిస్తున్నాయి. ఆరు నెలలకూ ఆరేళ్లకూ మధ్య వయసులో మొదలై, నిద్రలోనో విశ్రాంతిగా ఉన్నప్పుడో వచ్చి, రెండు మూర్ఛల మధ్య కుక్క పూర్తి ఆరోగ్యంగా ఉంటే అది చాలావరకు వేరే కారణమేదీ కనిపించని మూర్ఛ వ్యాధే అవుతుంది. లాబ్రడార్ జాతిలో ఇది వంశపారంపర్యంగా కూడా కనిపిస్తుంది. అయినా నాడీ వ్యవస్థ పరీక్షతో పాటు రక్తంలో చక్కెర, కాల్షియం, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేయించిన తర్వాతే మందు మొదలుపెట్టడం క్షేమం. కాలేయం ముందే దెబ్బతిని ఉంటే నేను కింద చెప్పే మొదటి మందు ఇవ్వకూడదు.

మెదడులోని నాడీ కణాలు విద్యుత్ సంకేతాలతో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. కొన్ని రసాయనాలు ఆ కణాలను ఉత్తేజపరుస్తాయి, గాబా అనే రసాయనం వాటిని అదుపులో ఉంచుతుంది. ఈ అదుపు తప్పి వేలాది కణాలు ఒకేసారి సంకేతాలు పంపడం మొదలుపెడితే అదే మూర్ఛగా బయటపడుతుంది. ఫీనోబార్బిటోన్ అనే మందు గాబా పనిచేసే గ్రాహకాన్ని, అంటే కణం మీద గాబా అతుక్కునే చోటును పట్టుకుని, కణంలోకి క్లోరైడ్ ప్రవేశించే ద్వారాలు ఎక్కువసేపు తెరుచుకుని ఉండేలా చేస్తుంది. డయాజిపామ్ కూడా అదే గ్రాహకం దగ్గర పనిచేస్తుంది కానీ, ద్వారాలు ఎక్కువసార్లు తెరుచుకునేలా చేస్తుంది. ఫలితం ఒకటే, కణం త్వరగా ఉద్రేకపడదు. ఫెనిటోయిన్ దారి వేరు, అది సోడియం ద్వారాలను అడ్డుకుంటుంది. లెవెటిరాసిటమ్ అనే మరో మూర్ఛ మందు నాడుల చివర రసాయనాలను విడుదల చేసే తిత్తుల మీద ఉన్న ఒక ప్రొటీన్‌కు అతుక్కుని పనిచేస్తుంది. ఈ మందుల్లో ఏదీ మూర్ఛ వ్యాధిని మూలం నుంచి తీసేయదు, మూర్ఛ మొదలయ్యే అవకాశాన్ని తగ్గిస్తుంది. పది రోజులు వేసి తగ్గిందనుకుని ఆపడం అందుకే పనికిరాదు.

ఆరు నెలల్లో రెండుసార్లు లేదా అంతకంటే ఎక్కువ మూర్ఛలు వస్తే రోజువారీ మందు మొదలుపెట్టాలని పశువైద్య నిపుణులు సూచిస్తారు. మీ కుక్క ఆ హద్దు దాటింది. మొదటి మందుగా ఫీనోబార్బిటోన్ సరైనది. 1912 నుంచి మనుషులకు వాడుతున్న పాత మందు ఇది, కుక్కల్లో బాగా పనిచేస్తుంది, ఖరీదు కూడా తక్కువ. కిలో బరువుకు 2 నుంచి 3 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు ఇస్తారు. 24 కిలోల కుక్కకు 60 మిల్లీగ్రాముల మాత్ర ఉదయం ఒకటి, రాత్రి ఒకటి అవుతుంది. ఇది పశువైద్యుని చీటీ మీదే అమ్మాల్సిన మందు, చీటీ లేకుండా ఇచ్చే దుకాణం నుంచి కొనకండి. పన్నెండు గంటల ఎడం తప్పకూడదు. ఉదయం ఆరుకు వేస్తే సాయంత్రం ఆరుకే వేయాలి, మార్కెట్‌కు లోడు తీసుకెళ్లే రోజున ఇంట్లో మరొకరికి ఆ బాధ్యత అప్పగించండి. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే ఒక్క మాత్ర వేయండి, తర్వాతి పూటకు రెండు కలిపి వేయవద్దు.

మొదటి రెండు వారాలు కుక్క మత్తుగా ఉంటుంది, నడిచేటప్పుడు వెనుక కాళ్లు తూలుతాయి. కంగారుపడి మందు ఆపేవాళ్లు ఎక్కువగా ఈ దశలోనే ఆపుతారు. శరీరం అలవాటుపడగానే ఆ మత్తు చాలావరకు తగ్గుతుంది. ఆకలి, దాహం, మూత్రం పెరగడం మాత్రం కొనసాగుతాయి. కుక్క అడిగినంతా పెడితే బరువు పెరుగుతుంది, పాత కొలత ప్రకారమే పెట్టండి. నీళ్లు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉంచాలి. మందు రక్తంలో నిలకడ స్థాయికి చేరడానికి సుమారు రెండు వారాలు పడుతుంది కాబట్టి ఆ తర్వాత ఒకసారి, ఆరు వారాలకు ఒకసారి, ఆపైన ఆరు నెలలకొకసారి రక్తంలో మందు స్థాయిని కొలిపించాలి. మనుషుల లేబొరేటరీలోనూ ఈ పరీక్ష చేస్తారు, రక్తాన్ని జెల్ లేని గొట్టంలో తీయమని చెప్పండి, ఆ జెల్ మందును కొంత పీల్చుకుని స్థాయిని తక్కువగా చూపవచ్చు. ఒక మిల్లీలీటరుకు 25 నుంచి 30 మైక్రోగ్రాములు ఉంటే బాగుంటుంది. 35 దాటితే కాలేయానికి ప్రమాదం పెరుగుతుంది. ఈ మందు కాలేయంలోని ఎంజైములను ప్రేరేపిస్తుంది కాబట్టి కొన్ని నెలలకు అదే మోతాదు సరిపోకపోవచ్చు, అప్పుడు పరీక్ష చూసి పెంచాలి. అదే కారణం వల్ల ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే కాలేయ ఎంజైము కొద్దిగా పెరిగినట్టు నివేదిక వచ్చినంత మాత్రాన కాలేయం పాడైందని అనుకోకండి, ఇతర పరీక్షలతో కలిపి చూడాలి. కుక్క అన్నం మానేసినా, వాంతులు చేసుకున్నా, కళ్లు పచ్చబడినా వెంటనే చూపించండి. వేరే జబ్బుకు మందు రాయించుకునేటప్పుడు ఫీనోబార్బిటోన్ వాడుతున్నట్టు చెప్పడం మరవకండి. క్లోరాంఫెనికాల్ వంటి యాంటీబయోటిక్ దాని స్థాయిని ప్రమాదకరంగా పెంచగలదు.

రక్తంలో స్థాయి సరిగా ఉండి కూడా మూర్ఛలు తగ్గకపోతే రెండో మందు చేరుస్తాం. పొటాషియం బ్రోమైడ్ అందులో పాతది. 1857లో లండన్ వైద్యుడు చార్లెస్ లోకాక్ మూర్ఛకు బ్రోమైడ్ పనిచేస్తుందని చెప్పారు, మనుషులకు ఇప్పుడు దాదాపు వాడకపోయినా కుక్కలకు ఇప్పటికీ ఉపయోగపడుతోంది. కుక్క శరీరంలో అది సగానికి తగ్గడానికి సుమారు 24 రోజులు పడుతుంది, అందుకే పూర్తి ఫలితం కనిపించడానికి మూడు నాలుగు నెలలు ఆగాలి. అది వాడే కుక్కకు ఒకరోజు చప్పిడి అన్నం, మరొకరోజు ఉప్పు చేప, చిప్స్ పెడితే ఉప్పుతో పాటు బ్రోమైడ్ మూత్రంలో పోయి మూర్ఛ తిరగబెడుతుంది. లెవెటిరాసిటమ్ కాలేయానికి భారం కాదు కానీ రోజుకు మూడుసార్లు, ఎనిమిది గంటల ఎడంతో ఇవ్వాలి. ఫీనోబార్బిటోన్‌తో కలిపితే అది మరింత వేగంగా బయటకు పోతుంది కాబట్టి మోతాదు పెంచాల్సి రావచ్చు. పొలం పనుల మధ్య మూడు పూటల వేళలు పాటించగలమని మీకు నమ్మకం ఉంటేనే దాన్ని ఎంచుకోమంటాను.

మూర్ఛ వచ్చిన క్షణంలో చేయాల్సింది తక్కువే. బావి గట్టు, మెట్లు, కాలువ దగ్గర నుంచి కుక్కను జరపండి, తల కింద గోనె పట్టా మడిచి పెట్టండి, లైటు తగ్గించండి, గడియారం చూడండి. చేతిలో తాళంచెవులు, ఇనుము పెట్టినా, ఉల్లిపాయ వాసన చూపించినా ఉపయోగం లేదు. నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కుక్క నాలుకను మింగదు, నాలుక పట్టుకోబోయి మీరే కరిపించుకుంటారు. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే, లేదా ఒకే రోజులో రెండుమూడుసార్లు వస్తే అది అత్యవసరం. మెదడు దెబ్బతింటుంది, శరీర ఉష్ణోగ్రత విపరీతంగా పెరుగుతుంది. ఎండాకాలంలో తడిగుడ్డతో పొట్ట, తొడలు తుడుస్తూ, గాలి ఆడేలా వాహనం కిటికీలు తెరిచి ఆసుపత్రికి బయలుదేరండి. ఇంట్లోనే మలద్వారం ద్వారా ఇచ్చేందుకు డయాజిపామ్‌ను మీ పశువైద్యుడు ముందుగా రాసివ్వగలరు, మోతాదు ఆయనే సిరంజి మీద గీత గీసి చూపించాలి. దాన్ని ముందే సిరంజిలోకి ఎక్కించి పెట్టకండి, ప్లాస్టిక్‌కు అతుక్కుని శక్తి తగ్గుతుంది, గాజు సీసాలోనే వెలుతురు తగలకుండా ఉంచి అవసరమైనప్పుడే తీయాలి. ఈ మందులన్నీ పిల్లల చేతికి అందకుండా తాళం వేసి పెట్టండి.

జీవితాంతమా అని అడిగారు. చాలా కుక్కలకు అవునని చెప్పాలి. ఒకటి రెండేళ్లు ఒక్క మూర్ఛ కూడా రాకపోతే నెలకు 20 శాతానికి మించకుండా మోతాదు తగ్గిస్తూ చూడవచ్చు, అదీ పశువైద్యుని పర్యవేక్షణలోనే. ఉన్నట్టుండి ఆపితే ముందుకంటే ఘోరమైన మూర్ఛలు వస్తాయి. మాత్రల పట్టీ అయిపోయేదాకా ఆగకుండా వారం ముందే కొత్తది తెచ్చుకోండి. పూర్తిగా ఆగకపోయినా మూర్ఛలు సగానికి సగం తగ్గి, వచ్చినవి తేలికగా ఉంటే చికిత్స పనిచేస్తున్నట్టే. నూటికి ఇరవై ముప్పై కుక్కల్లో మాత్రం రెండు మందులు వాడినా అదుపు కష్టమవుతుంది. ఈ కుక్కతో పిల్లలు పుట్టించకండి.

లేగదూడ విషయం వేరు. దూడల్లో ఫిట్స్ చాలావరకు మూర్ఛ వ్యాధి కాదు. పాల మీదే పెరిగే దూడలో మెగ్నీషియం తగ్గడం, బి1 విటమిన్ లోపం, పేగుల్లో చేరే కాక్సిడియా అనే పరాన్నజీవి, పాత బ్యాటరీ పలకలు, రంగు డబ్బాలు నాకినప్పుడు సీసం విషం ఎక్కడం ఎక్కువగా కనిపించే కారణాలు. మూలకారణానికి వైద్యం చేయకుండా ఫీనోబార్బిటోన్ వేస్తే సమయం వృథా అవుతుంది, పైగా పాలు, మాంసం ఇచ్చే పశువులకు ఈ మందు వాడకూడదు. మళ్లీ వస్తే 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్యుణ్ణి పిలవండి.

ఇప్పటికి మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. ఒక నోట్‌బుక్‌లో ప్రతి మూర్ఛకు తేదీ, సమయం, ఎన్ని సెకన్లు, మొదట ముఖం అదిరిందా లేక ఒక కాలా, మూత్రం పోయిందా, తేరుకోవడానికి ఎంతసేపు పట్టింది, అంతకు ముందు రెండు రోజుల్లో తోటలో ఏ మందు కొట్టారు అనేవి రాయండి. ఒకసారైనా సెల్‌ఫోన్‌లో వీడియో తీయండి. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి తెచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్, వీడియో, తోటలో వాడిన పురుగుమందుల డబ్బాల పేర్లు వెంట తెండి. కుక్కకు రాత్రి భోజనం తర్వాత ఉదయం ఏమీ పెట్టకుండా, నీళ్లు మాత్రం తాగించి తీసుకురండి, రక్తం తీసిన తర్వాత అక్కడే తినిపించేందుకు దాని తిండి డబ్బాలో పెట్టుకోండి.