ఇగ్నైటర్ ఎర్రబడుతుంది, ఓవెన్ వేడెక్కదు

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. మా గ్యాస్ ఓవెన్‌ని 350 డిగ్రీల ఫారన్‌హీట్‌కి పెడితే అరగంటైనా 250 దాటడం లేదు. పైన స్టవ్ బర్నర్లు బాగానే మండుతున్నాయి. థర్మోస్టాట్ పోయిందంటారా?

జవాబు: ముందు ఇగ్నైటర్‌ని, అంటే కరెంటుతో ఎర్రగా కాలి ఓవెన్ గ్యాస్‌ని అంటించే భాగాన్ని, అనుమానించండి. పై బర్నర్లు మండుతున్నాయంటే గ్యాస్ సరిగానే వస్తున్నట్టు. ఓవెన్ ఆన్ చేసి, అడుగు పళ్లెం సందులోంచి చూడండి. ఇగ్నైటర్ ఎర్రబడ్డాక నిమిషం అటూ ఇటుగా మంట అంటుకోవాలి. నిమిషంన్నర దాటినా అంటుకోకపోయినా, ఆలస్యంగా గుప్పుమన్నా అది బలహీనపడినట్టే. ఎర్రబడుతోంది కదా అని దాన్ని వదిలేసి ఓవెన్‌కి గ్యాస్ వదిలే వాల్వు మార్చేవాళ్లే ఎక్కువ, డబ్బు దండగ. ఇగ్నైటర్, వాల్వు ఒకే సర్క్యూట్‌లో వరసగా ఉంటాయి. ఇగ్నైటర్ బల్లపరుపు పలకలా ఉండే రకమైతే సాధారణంగా 3.2 నుంచి 3.6 ఆంపియర్లు పారితేనే వాల్వు పూర్తిగా తెరుచుకుంటుంది. ఇగ్నైటర్ పాతబడేకొద్దీ దాని నిరోధం పెరిగి కరెంటు తగ్గుతుంది. వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెడితే తేలిపోతుంది.

మార్చేటప్పుడు ప్లగ్ పీకి, గ్యాస్ కట్టేయండి. మోడల్ నంబర్‌కి సరిపోయేదే కొనండి. ఇగ్నైటర్‌లో ఎర్రబడే బూడిదరంగు భాగాన్ని చేత్తో ముట్టుకోవద్దు, పుటుక్కున విరుగుతుంది. వైర్లు కలిపేచోట పింగాణీ క్యాపులే వాడాలి, ప్లాస్టిక్‌వి కరిగిపోతాయి. గ్యాస్ వాసన వస్తుంటే మాత్రం ఇవేవీ వద్దు. స్విచ్‌లు ముట్టకుండా బయటికెళ్లి గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయండి.