నడక సరే, ఆ డబ్బు ఎటు వెళ్లాలి?

ప్రశ్న: మాది విజయనగరం. మా పిన్నికి రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గింది. అక్టోబరులో కోట నుంచి గంటస్తంభం దాకా గులాబీ చీరల్లో నడిచి, మనిషికి 500 చొప్పున వసూలు చేద్దామని మా వాట్సాప్ గ్రూపులో అనుకుంటున్నాం. ఉపయోగం ఉంటుందా అక్కా?

జవాబు: ఉంటుందమ్మా, డబ్బు ఎవరికి, దేనికి అన్నది ముందే తేల్చుకుంటే. టీషర్టులకీ ఫ్లెక్సీలకీ సగం పోతే నాకు నిజంగా బాధేస్తుంది. ఆపరేషన్, కీమో ఖర్చులకి ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది, కానీ ఇక్కడి నుంచి అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లాలంటే విశాఖ ఊరంతా దాటాలి, కీమోకి చాలామంది మూడు వారాలకోసారి వెళ్లాలి, తోడొచ్చిన మనిషికి ఆ రోజు కూలి పోతుంది, బస్సు, ఆటో, భోజనం... మీ డబ్బు దానికి పెట్టండి. ప్రతి రూపాయి లెక్క గ్రూపులోనే పెట్టండి.

తేదీ మాత్రం చూసుకోండి, దసరా తర్వాత మంగళవారం పైడితల్లి అమ్మవారి జాతర సిరిమానోత్సవం, ఆ రోజుల్లో కోట దగ్గర అడుగు పెట్టలేం.

నడక అయ్యాక ఏఎన్‌ఎం (ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త) గారితో మాట్లాడించండి. 30 దాటిన ఆడవాళ్లకి ప్రభుత్వం రొమ్ము పరీక్ష ఉచితంగా చేయిస్తుంది, సిగ్గుతో మనవాళ్లు వెళ్లరు. గడ్డ తగిలినా నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు, చాలా క్యాన్సర్ గడ్డలు మొదట్లో నొప్పి పెట్టవు, ఈ ఒక్క మాట మైకులో పదిసార్లు చెప్పించండి.

పిన్ని ఫొటో మాత్రం ఆవిడని అడగకుండా పోస్టరు మీద వేయకండి.