తోబుట్టువుల వీసా ఎత్తేస్తే మా పిటిషన్ ఏమవుతుంది?

ప్రశ్న: అమెరికా పౌరురాలైన మా అక్క 2012 మార్చిలో నా కోసం గ్రీన్ కార్డు పిటిషన్ వేసింది. 2016 సెప్టెంబరులో ఆమోదం వచ్చింది. వంతు మాత్రం ఇంకా రాలేదు. తోబుట్టువుల విభాగాన్నే రద్దు చేస్తారంటున్నారు. ఈలోగా ఫైలు ముందుకు జరిపిస్తానని ఒక ఏజెంటు డబ్బు అడుగుతున్నాడు. ఇవ్వమంటారా? మా అబ్బాయికి 17 ఏళ్లు.

జవాబు: పైసా కూడా ఇవ్వకండి. మీ అక్కగారు పిటిషన్ వేసిన తేదీయే వరుసలో మీ స్థానం. దాన్ని ముందుకు జరపడం ఎవరి చేతిలోనూ లేదు. ఈ విభాగానికి ఏడాదికి 65 వేల వీసాలే కేటాయించారు, దానికి తోడు దేశాలవారీ పరిమితి ఉంది. ఆలస్యానికి కారణం అదే.

రద్దు మాట కొత్తది కాదు. 2013లో సెనేట్ 68-32 ఓట్లతో ఆమోదించిన బిల్లులో ఈ విభాగం రద్దు ఉంది. అయితే అప్పటికే వరుసలో ఉన్నవారి పిటిషన్లను అది రద్దు చేయలేదు. ప్రతినిధుల సభ ఆ బిల్లును చేపట్టనే లేదు. 2017లో సెనేటర్లు కాటన్, పెర్డ్యూ తెచ్చిన రెయిజ్ బిల్లు ఇంకా కఠినమైనది. ఏడాదిలోపు వీసా అందేవారికే మినహాయింపు ఇచ్చింది. అదీ చట్టం కాలేదు. కనుక మీ భయం ఉత్తదని కొట్టిపారేయను. కానీ ఉభయ సభలూ దాటి అధ్యక్షుడి సంతకం పడేదాకా బిల్లు బిల్లే. మీ పిటిషన్ చెక్కుచెదరదు.

నాకు అంతకన్నా దిగులుగా ఉన్నది మీ అబ్బాయి వయసు గురించి. 21 దాటితే మీతోపాటు వీసా రాదు. 2002 నాటి బాలల హోదా రక్షణ చట్టం కొంత ఊరటనిస్తుంది. పిటిషన్ పరిశీలనలో ఉన్న కాలాన్ని వయసులోంచి తీసేస్తారు. మీ విషయంలో అది నాలుగేళ్ల ఆరు నెలలు. వీసా అందుబాటులోకి వచ్చేనాటికి అబ్బాయికి 25 ఏళ్ల 3 నెలలుంటే, లెక్కలో 20 ఏళ్ల 9 నెలలే, అర్హుడే. మరో ఆరు నెలలు ఆలస్యమైతే చేజారినట్టే. వీసా అందుబాటులోకి వచ్చిన తేదీ నుంచి ఏడాదిలోపు దరఖాస్తు ప్రక్రియ మొదలుపెట్టాలి, ఆ వీసాతో అమెరికాలో అడుగుపెట్టేదాకా పెళ్లి కాకుండా ఉండాలి. పెళ్లి సంబంధాలు చూసేముందు దయచేసి ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

రశీదు, ఆమోద నోటీసులు రెండూ అక్కగారి దగ్గర ఉన్నాయేమో ఈ వారమే అడగండి. ఇల్లు మారినా, ఈమెయిల్ మారినా, ఆమోదమైన ఫైళ్లను వంతు వచ్చేదాకా ఉంచే అమెరికా జాతీయ వీసా కేంద్రానికి తెలపండి. వంతు వచ్చిందన్న నోటీసు పాత చిరునామాకు వెళ్లి, ఏడాదిపాటు జవాబు లేక ఫైలు రద్దయిన కుటుంబాలు నా దగ్గరకు వచ్చాయి.