పిక్కల నొప్పి, కండరాల అదురు: ఏ పరీక్షలు అడగాలి?

ఎనిమిది నెలలుగా పిక్కలు లాగడం, కండరాలు అదరడం, ఎక్కడికెళ్ళినా ‘ఏమీ లేదు’ అనడం... మీ విసుగు అర్థమైందండీ. విటమిన్ డి, బి12, థైరాయిడ్, సీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్), కాల్షియం, మెగ్నీషియం చూశారా? కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ మాత్ర వాడుతుంటే డాక్టర్‌కి తప్పక చెప్పండి, సొంతంగా మాత్రం మానకండి. ఇవన్నీ బాగుంటే న్యూరాలజిస్టును కలిసి ఈఎంజీ (కండరాల్లోని విద్యుత్ సంకేతాలను చూసే పరీక్ష) అవసరమా అని అడగండి. అదురును ఫోన్లో వీడియో తీసి ఉంచుకోండి, డాక్టర్ ముందు అది ససేమిరా రాదు! బలం తగ్గకుండా ఒట్టి అదురే అయితే చాలాసార్లు ప్రమాదం ఉండదు. కాఫీ, నిద్రలేమి, టెన్షన్ దాన్ని పెంచుతాయి. కానీ కాలి చెప్పు జారిపోతున్నా, చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నా, కండ కరుగుతున్నా, మింగడం కష్టమైనా ఆలస్యం చేయకండి. మూత్రం కాఫీ రంగులో వస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్ళండి.