రెండో భాగం రాసే ముందు

తమ్ముడూ,

నీ నవల రెండో భాగం ప్లాన్ చదివాను. మొదటి భాగంలో చచ్చిన మాంత్రికుడికి ఒక అన్న ఉన్నాడనీ, వాడి సైన్యం తమ్ముడి సైన్యానికి రెట్టింపనీ రాశావు. నవ్వొచ్చింది, ఏమనుకోకు. దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి, జపాన్ రచయిత్రి నహోకో ఉయెహాషి ‘మొరిబితో’ నవలల్లో మొదటి రెండూ చదువు. జపనీస్‌లో 1996లో ఒకటి, 1999లో రెండోది వచ్చాయి. కేథీ హిరానో ఇంగ్లీషు అనువాదాలు 2008, 2009ల్లో వచ్చాయి. హాయిగా చదివించే ఇంగ్లీషు. పేర్లు కొత్తగా ఉన్నాయని ఆగిపోకు, పది పేజీలు దాటితే అవే అలవాటవుతాయి.

మొదటి నవల్లో బల్సా అనే ముప్పై ఏళ్ల ఆవిడ, ఈటె పట్టి, డబ్బు తీసుకుని మనుషులకి కాపలా కాసే మనిషి, చగుమ్ అనే రాజకుమారుణ్ణి కాపాడుతుంది. మధ్యలో తన చిన్నతనం చెబుతుంది. కన్బల్ దేశంలో రాజవైద్యుడైన తండ్రి, ఆమె ప్రాణానికి ముప్పు వస్తే స్నేహితుడు జిగురోకి అప్పగించాడు. ఆ పిల్ల కోసం జిగురో, తమను చంపడానికి వచ్చిన సొంత స్నేహితులు ఎనిమిది మందిని చంపాల్సి వచ్చింది. ఇదంతా కొద్ది పేజీల్లోనే అయిపోతుంది.

రెండో నవల మొత్తం ఆ కొద్ది పేజీల్లోంచే పుట్టింది. పాఠకులు అంత ఇష్టపడ్డ చగుమ్‌ని వెనకే వదిలేసి, బల్సా ఒంటరిగా పుట్టిన దేశానికి వెళ్తుంది. ఎంత ధైర్యం చూడు! అక్కడికి వెళ్లేసరికి తనను పెంచిన జిగురో ఊరందరి దృష్టిలో ద్రోహి. వాణ్ణి నేనే చంపానని చెప్పుకున్న అతని తమ్ముడు వీరుడు. జిగురో జబ్బుపడి చనిపోయినప్పుడు పక్కనుండి సేవ చేసింది బల్సాయే, అబద్ధమని ఆమెకు తెలుసు. టెన్షన్ అంతా ఇక్కడే ఉంది, సైన్యాల్లో కాదు. కథ చివర్లో వచ్చే గుహలో ఏం జరుగుతుందో మాత్రం చెప్పను.

ఉయెహాషి మానవశాస్త్రం చదువుకున్న మనిషి. కన్బల్ పేదరికాన్నీ, మేకల కాపరులనీ, ధాన్యం కోసం కొండ ఇచ్చే నీలి రత్నాల మీద ఆధారపడ్డ బతుకునీ ఎక్కడా ఉపన్యాసంలా చెప్పదు. మాయ కూడా ఆ ఆకలి లెక్కల్లోంచే వస్తుంది. మన కుర్ర రచయితలు మ్యాప్ గీయడానికి పెట్టే శ్రద్ధ, ఆ మ్యాప్‌లోని జనం ఏం తింటారన్నదాని మీద పెట్టరు. (నీ మ్యాప్ బాగుందిలే.)

జపనీస్‌లో ఈ కథ పది సంపుటాలు. ఇంగ్లీషులో నేను చదివింది ఈ రెండే. అయినా రెండోది ముగించాక మోసపోయినట్టు అనిపించలేదు, ఎందుకంటే అది తర్వాతి పుస్తకానికి ప్రకటనలా ముగియదు.

నీ మూడో ప్రకరణంలో రాజును పెంచిన దాది గురించి రెండు వాక్యాలు రాసి వదిలేశావు. కోట విడిచి ఎందుకు వెళ్లిపోయింది ఆవిడ? ముందు అది రాసి పంపు. మాంత్రికుడి అన్నను తర్వాత చూద్దాం.

నీ
అన్నయ్య